గోదాం ముందు రెండు కుర్చీలు

పోయిన నెల సిద్దిపేటలో ఒక బట్టల వ్యాపారి చనిపోయారు. ఆయన వల్ల నేను ఒకప్పుడు ఒక కేసు ఓడిపోయాను. సంతాప సభకు వెళ్లాను. మాట్లాడినవాళ్లంతా ఆయన నిజాయితీపరుడని, మాట తప్పని మనిషని చెప్పారు. అదంతా నిజమే. నన్ను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని చెప్పి కూర్చుండిపోయాను. నాకు తెలిసిన సంగతి రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు.

నేను సిద్దిపేట మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ఉద్యోగం చేశాను. పోలీసులు కేసు కట్టి పంపిస్తే, సాక్షులను బోనెక్కించి కోర్టుకు చూపించడం నా పని. ఎనభైల చివర, తొంభైల మొదట్లో ఎక్కువ కాలం అక్కడే ఉన్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, గెలిచిన కేసుల గురించి చెప్పమంటారు. గెలిచిన కేసులు నాకు పెద్దగా గుర్తు లేవు. తీర్పు వచ్చిన సాయంత్రానికే మరిచిపోయేవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం మరుపుకు రాలేదు. అందుకని ఇదే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. కొందరు పోయారు, ఉన్నవాళ్ల పిల్లలు ఇదే ఊళ్లో బతకాలి.

మొదట పంచుల సంగతి చెప్పాలి. పోలీసులు ఎక్కడైనా సోదా చేసి సరుకు పట్టుకుంటే, ఆ చుట్టుపక్కల ఉండే మర్యాదస్థులు ఇద్దరు పక్కనే నిలబడి చూడాలి. సరుకు ఎక్కడ దొరికిందో, ఎలా దొరికిందో అక్కడికక్కడే రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించాలి. వాళ్లను పంచులు అంటారు. పోలీసులు చెప్పేది నిజమో కాదో బయటివాళ్లు చూసి చెప్పాలన్నది చట్టం ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ కోర్టు చుట్టూ తిరగడానికి ఎవరు ఇష్టపడతారు? అందుకని స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఒకాయన, దాని పక్కనే సైకిళ్లు కిరాయికి ఇచ్చే ఇంకొకాయన మా కేసులన్నింటికీ పంచులుగా ఉండేవాళ్లు. పిలిస్తే వచ్చేవాళ్లు, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేవాళ్లు.

అప్పటి మేజిస్ట్రేట్ గారిది గుంటూరు వైపు. వచ్చిన కొత్తల్లోనే చాయ్ హోటలాయన్ని బోనులో చూసి అడిగారు.

"ఏమయ్యా, మొన్న సారా కేసులోనూ నువ్వే, ఇవాళ మోటారు దొంగతనంలోనూ నువ్వే. నేరం ఎక్కడ జరిగితే అక్కడికి ముందే వెళ్లి కూర్చుంటావా?"

"నేను పోనయ్యా, వాళ్లే నా హోటల్ ముంగటికి వస్తరు" అన్నాడతను.

కోర్టంతా నవ్వింది. కేసు కొట్టేశారు. అలా చాలా కేసులు పోయేవి. దొరికినవాడు నిజంగా దొంగే అయినా, చూశామని చెప్పేవాళ్ల మీద నమ్మకం లేక వదిలేయాల్సి వచ్చేది. ఎవరి చేతిలో కాస్త డబ్బు, పలుకుబడి ఉన్నాయో వాళ్లకు ఇది బాగా తెలుసు. వాళ్లు తమ వకీలును అడిగే మొదటి ప్రశ్న, పంచులు ఎవరని.

ఊళ్లో అప్పుడొక పౌర సంఘం ఉండేది. పెద్ద సంఘమేమీ కాదు. ఒక కాలేజీ లెక్చరర్, ఈ బట్టల వ్యాపారి, ఒక డాక్టరు, రిటైరైన ఒకరిద్దరు టీచర్లు. ఆదివారాలు గ్రంథాలయంలో వెనక గదిలో కలిసేవాళ్లు. రేషన్ షాపు తెరవకపోయినా, దవాఖానలో మందులు బయట అమ్ముతున్నారని తెలిసినా అర్జీలు రాసేవాళ్లు. లెక్చరర్ ఆ సంఘానికి అధ్యక్షుడు. బాగా చదువుకున్నవాడు, బాగా మాట్లాడేవాడు. నేను ఉద్యోగిని కాబట్టి సభ్యుణ్ణి కాను. పుస్తకాలకని గ్రంథాలయానికి వెళ్లి, వాళ్ల మాటలు వింటూ కూర్చునేవాణ్ణి.

కేసులు ఎందుకు పోతున్నాయని ఒకరోజు లెక్చరర్ నన్ను అడిగాడు. పంచుల సంగతి చెప్పాను. ఆయన, "అయితే మేమే పంచులుగ వస్తం. మమ్మల్ని అబద్ధాలోళ్లని ఎవరంటరు?" అన్నాడు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట చేయెత్తింది బట్టల వ్యాపారే. "దుకాణం మా తమ్ముడు చూస్తడు. పిలిస్తె వస్త" అన్నారాయన. అప్పటి ఎస్.ఐ. కుర్రవాడు, మంచివాడు. ఈ మాట విని సంతోషించాడు. ఇంతమంది పెద్దమనుషులు స్టేషన్‌కు వచ్చి మేం సాక్ష్యం చెప్తామని అనడం తన సర్వీసులో చూడలేదన్నాడు. నాకు కూడా, నిజం చెప్పాలంటే, చాలా రోజుల తర్వాత ఉద్యోగం మీద కాస్త ఆశ పుట్టింది.

అప్పుడే ఒక వంటమనిషి సంఘం దగ్గరికి వచ్చింది. ఆమె ఒక ప్రభుత్వ హాస్టల్లో వంట చేసేది. ఏ ఊరి హాస్టలో అక్కర్లేదు. ఆమెది కుకునూరుపల్లి వైపు. భర్త మగ్గాల పనికి భీవండి వెళ్లి, కొన్నాళ్లు డబ్బు పంపి, తర్వాత ఉత్తరం కూడా మానేశాడు. ఒక కొడుకు, ఒక కూతురు. ఆ ఉద్యోగమే వాళ్ల ఆధారం. హాస్టల్ పిల్లలకు వచ్చే బియ్యంలో సగం హాస్టల్‌కు చేరకముందే ఒక రైస్ మిల్లుకు పోతోందని ఆమె చెప్పింది. వార్డెన్‌ను అడిగితే నీ పని నువ్వు చూసుకోమన్నాడట.

"రాత్రికి అన్నం అయిపోతది సారూ. చిన్న పోరగాండ్లు పళ్లెం పట్టుకొని నిలబడ్తరు. వాళ్లకు నేనేం చెప్పాలె? బియ్యం మిల్లుకు పోయినయని చెప్పాల్నా?" అంది.

లెక్చరర్ ఆమె చెప్పింది అర్జీగా రాసి ఎస్.ఐ.కి ఇచ్చాడు. ఎస్.ఐ. ఆలస్యం చేయలేదు. మర్నాడే మిల్లు మీదికి వెళ్తూ, దారిలో లెక్చరర్‌నూ బట్టల వ్యాపారినీ జీపులో ఎక్కించుకున్నాడు.

అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత అందరూ చెప్పగా తెలిసింది. గోదాంలో ప్రభుత్వ ముద్ర ఉన్న బస్తాలు దొరికాయి. పిల్లల బియ్యమే. పట్టుకున్న బియ్యాన్ని పాడు కాకుండా నేను కోర్టులో అడిగి తొందరగానే హాస్టల్‌కు ఇప్పించాను. కొన్ని బస్తాలు మాత్రం సాక్ష్యానికి ఉంచారు. వార్డెన్ మీదా మిల్లు యజమాని మీదా కేసు పెట్టారు. ఊళ్లో అందరూ సంఘాన్ని మెచ్చుకున్నారు. కానీ ఆ వారంలోనే వంటమనిషిని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పుడు ఫిర్యాదుతో శాఖ పరువు తీసిందని కారణం రాశారు. కోర్టులో కేసు రుజువైతే తిరిగి తీసుకునే విషయం ఆలోచిస్తామని కింద ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం కోసమే ఆమె ప్రతి వాయిదాకూ వచ్చేది. ఆమెకు సమన్లు ఉన్నా లేకపోయినా వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేది.

కేసు విచారణకు రావడానికి ఏళ్లు పట్టింది. మా కోర్టుల్లో అది మామూలే. ఈ లోపల ఆమె ఇళ్లలో పనిచేసింది, కూలికి పోయింది.

పంచుల సాక్ష్యం రోజు వచ్చింది. సాక్షులు బోనెక్కే ముందు, వాళ్లు సంతకం చేసిన కాగితం వాళ్లకు చదివి వినిపించడం పద్ధతి. పొద్దున వరండాలో బెంచీ మీద ఇద్దర్నీ కూర్చోబెట్టి పంచనామా చదివాను. పంచుల సమక్షంలో గోదాం తలుపు తెరిచామని, లోపల ఎడమ గోడ వెంట పేర్చి ఉన్న బస్తాలను పంచులకు చూపించామని అందులో ఉంది. అక్కడికి వచ్చేసరికి వ్యాపారి నన్ను ఆపారు.

"సార్, నేను లోపలికి పోలే."

"అంటే?"

"గోదాంలకు పోలే సార్. మమ్మల్ని బయట కూసోబెట్టిన్రు."

ఎలా జరిగిందో అప్పుడు చెప్పారు. వాళ్లు జీపు దిగగానే మిల్లు యజమాని ఎదురొచ్చి, నౌకరు చేత రెండు కుర్చీలు తెప్పించి రేకుల షెడ్డు కింద వేయించాడు. "లెక్చరర్ సాబ్, సేటు, మీరు గా దుమ్ముల ఎందుకు? గీడ నీడకు కూసోండ్రి" అన్నాడు. ఎస్.ఐ. కూడా, "అవును సార్, మీరు కూర్చోండి, మావాళ్లు చూస్తారు" అన్నాడు. పెద్దమనుషుల్ని తవుడు దుమ్ములోకి తీసుకెళ్లడం ఆ అబ్బాయికి మర్యాదగా తోచలేదు. వీళ్లకు కూడా, వేసిన కుర్చీ కాదని లేచి వెళ్లడం మర్యాదగా తోచలేదు. చాయ్ వచ్చింది. షెడ్డు కింది నుంచి గోదాం తలుపు కనిపించదు. హమాలీలు బస్తాలు మోసుకుంటూ గోడ మలుపు తిరిగి వచ్చి వాళ్ల ముందు వేశారు. రాసింది చదవకుండానే సంతకం పెట్టారు. మంచి పనే కదా అనుకున్నారు.

"చాయ్ సుత తాగిన సార్. వాని చాయే" అన్నారాయన, అదే పెద్ద తప్పన్నట్టు.

నేను లెక్చరర్ వైపు చూశాను. ఆయన కొంచెం చిరాకుపడ్డాడు.

"సేటు, బియ్యం లోపలియే గదా. నువ్వు లోపలికి పోతె ఏంది, పోకుంటె ఏంది? ఇందుల అబద్ధం ఏమున్నది?"

"బియ్యం లోపలియే సార్. నేను లోపల లేను."

"దొంగకు దారి చూపెడ్తవా?"

గోడకు ఆనుకుని కూర్చున్న వంటమనిషి అప్పటికే లేచి దగ్గరికొచ్చింది.

"సేటూ, ఏమో అంటున్నవు?"

"చూసిందే చెప్త అంటున్నమ్మా."

"చూసిందే చెప్పు. బస్తాలు చూసినవు గదా?"

"బయట చూసిన."

"బయటికి యాడికెల్లి వచ్చినయి? ఆకాశంల కెల్లి పడ్డయా?"

లెక్చరర్ నవ్వాడు. వ్యాపారి నవ్వలేదు. "నాకు తెల్వదని కాదమ్మా. నేను చూడలే" అన్నారు.

"ఒక్క మాట సేటూ. లోపల చూసిన అను. నా కొలువు నాకొస్తది." ఆమె గొంతు పెద్దదైంది. "ఎన్నడు అబద్ధమాడలేదా నువ్వు? రంగు పోదని చెప్పి నాకమ్మిన చీర రెండు ఉతుకులకే తెల్లగైంది. గప్పుడు యాడ పోయింది నీ సత్తెం?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన తల వంచుకుని ఆ చీర గురించి నిజంగానే ఆలోచించినట్టున్నారు.

"గది బట్టల మిల్లోళ్లు చెప్పింది నేను చెప్పినమ్మా. నేను ఉతికి చూడలే. గట్ల చెప్పుడు తప్పే" అన్నారు.

ఆమె నా వైపు చూసింది. సాక్షికి ఏం చెప్పాలో నేర్పడం నా పని కాదని ఆమెకు ఎలా చెప్పను? ఆయన్ని బోనెక్కించకుండా వదిలేయవచ్చు. ఒక్క లెక్చరర్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ ఇద్దరు పంచుల్లో ఒకరిని దాచిపెడితే అవతలి వకీలు ఊరుకునే మనిషి కాదు. పైగా, నిజం చెప్పే పంచులు కావాలని ఇన్నేళ్లు అందరం మొత్తుకున్నాం. దొరికిన ఒక్కణ్ణీ ఆ కారణంతోనే పక్కన పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

అవతలి వకీలు పాతకాలం మనిషి. ఉర్దూ చదువు. గట్టిగా మాట్లాడేవాడు కాదు. ముందు లెక్చరర్ సాక్ష్యం. ఆయన తడుముకోకుండా చెప్పాడు. లోపలికి వెళ్లామని, ఎడమ గోడ వెంట బస్తాలు పేర్చి ఉన్నాయని, ముద్రలు తానే చదివానని అన్నాడు. వకీలు అడిగింది ఒక్కటే.

"లెక్చరర్ సాబ్, మీరు ఎప్పుడు చూసినా తెల్లబట్టల్లనే ఉంటరు. ఆ దినం కూడ అంతేనా?"

"అంతే."

"తవుడు గోదాంలకు పోయి వచ్చిన్రు. బట్టలకు దుమ్ము అంటలేదా?"

"దులుపుకున్నాను."

"షుక్రియా" అని కూర్చున్నాడు.

తర్వాత వ్యాపారిని పిలిచారు. బస్తాలు ఎక్కడ చూశారని నేను అడిగాను. ఆవరణలో, షెడ్డు ముందు అన్నారు. గోదాం లోపల చూశారా అని అడిగాను. లేదన్నారు. వెనక నుంచి ఎస్.ఐ. సైగ చేశాడు, ఎదురు తిరిగిన సాక్షి అని ప్రకటించమని. నేను చేయలేదు. ఆయన దేనికీ ఎదురు తిరగలేదు.

వకీలు లేచాడు.

"సేటు, మీరు అక్కడ నిలబడ్డరా, కూసున్నరా?"

"కూసున్న."

"కుర్చీ ఎవరు వేయించిన్రు?"

"ముద్దాయే వేయించిండు."

మేజిస్ట్రేట్ గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. వకీలు మాత్రం నవ్వలేదు.

"మీరు ఒక్కరే కూసున్నరా?"

వ్యాపారి అప్పుడు మొదటిసారి లెక్చరర్ వైపు చూశారు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఒకే బళ్లో చదివారు. మేజిస్ట్రేట్ గారు, "చెప్పండి" అన్నారు.

"ఇద్దరం" అన్నారాయన.

అక్కడితో కేసు అయిపోయింది. మిగతా వాయిదాలన్నీ నామమాత్రం. బస్తాలు మోసిన హమాలీలు ఆ మిల్లులోనే బతికేవాళ్లు, వాళ్లు ఏమీ గుర్తు లేదన్నారు. బస్తాలు వెనక సందులోంచి పోలీసులే తెచ్చి వేశారేమో అనే అనుమానానికి చోటుందని, ఆ అనుమానం మీద ఇద్దర్నీ వదిలేస్తున్నానని తీర్పు వచ్చింది. వదిలేయడం తప్ప మేజిస్ట్రేట్ గారికి వేరే దారి లేదు. చెప్తున్నప్పుడు ఆయన మా ఎవరి వైపూ చూడలేదు.

ఎస్.ఐ. బయటికి వచ్చి, "వాళ్లని దుమ్ములో నిలబెట్టి ఉంటే బాగుండేది సార్" అన్నాడు. చాయ్ హోటలాయన్ని అయితే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు కాదు. అతను జవాన్ల వెనకే గోదాంలోకి వెళ్లేవాడు, బస్తాలు కళ్లతో చూసేవాడు. చూసి వచ్చి చెప్పినా ఎవరూ నమ్మేవాళ్లు కాదు. నమ్మదగినవాళ్లను తెచ్చాం, వాళ్లకు చూపించలేదు. మా దగ్గర మనిషి ఎంత పెద్దవాడైతే అంత దూరంగా కూర్చోబెడతారు. ఆ సంగతి మా ఎవరికీ ముందు తట్టలేదు.

తర్వాతి ఆదివారం గ్రంథాలయంలో పెద్ద గొడవ జరిగింది. లెక్చరర్ తనను కోర్టులో అబద్ధాలకోరును చేశాడని వ్యాపారి మీద అరిచాడు. ఆ మాటలో నిజం ఉంది. ఇంకొకాయన లేచి, మిల్లు యజమాని, సేటు ఒక్క కులమే కదా, అందుకే ఆఖరికి కులపోణ్ణి కాపాడుకున్నాడని అన్నాడు. వ్యాపారి చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. సంఘం ఆ తర్వాత ఎక్కువ రోజులు నడవలేదు. ఆదివారాలు ఆ గదిలో పత్రికలు చదివేవాళ్లే మిగిలారు.

కులం మాట బజారంతా పాకింది. కొన్నాళ్లకు మిల్లు యజమాని కుటుంబంతో సహా బట్టల వ్యాపారి దుకాణానికి వచ్చాడు. ఇంట్లో పెళ్లి ఉందట, బట్టలన్నీ ఇక్కడే తీసుకుంటామన్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం పూట, దుకాణం నిండా గిరాకీ ఉంది.

"ఇయ్యాల దుకాణం బంద్" అన్నారీయన.

"తెరిచే ఉన్నది గదా సేటూ."

"వాళ్లకు తెరిచి ఉన్నది."

తమ్ముడు ఆ తర్వాత చాలా రోజులు ఈయనతో సరిగా మాట్లాడలేదు.

స్టేషన్‌లో మళ్లీ పాత పద్ధతే మొదలైంది. ఒకరోజు చాయ్ తాగుతుంటే హోటలాయన నాతో అన్నాడు. "సార్, మేం అబద్ధం చెప్తె కేసు పాయె. పెద్దమనుషులు నిజం చెప్తె సుత కేసు పాయె. ఇగ మీరే చెప్పాలె, ఏం చేద్దమో." చాయ్ బాగుందని చెప్పాను.

వంటమనిషికి సంగారెడ్డి నుంచి కాగితం వచ్చింది. అప్పుడు మాది మెదక్ జిల్లా, పెద్ద ఆఫీసులన్నీ సంగారెడ్డిలోనే. ముద్దాయిలు నిర్దోషులని కోర్టులో తేలింది కాబట్టి ఆమె ఫిర్యాదు అబద్ధమని రుజువైందని, ఉద్యోగం తిరిగి ఇవ్వడం కుదరదని అందులో ఉంది. ఆమె దాన్ని తీసుకుని నా దగ్గరికి వచ్చింది. అదే సమయానికి వ్యాపారి కూడా వేరే పని మీద కోర్టుకు వచ్చారు. ఆమె ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. నేను కాగితం చదివి, ఇది సరికాదని ఇద్దరికీ చెప్పాను. అనుమానం మీద వదిలేయడం వేరు, ఫిర్యాదు అబద్ధమని తేలడం వేరు. తీర్పులో ఆమె అబద్ధమాడిందని ఎక్కడా లేదు.

వ్యాపారి ఆ మాటను మళ్లీ చెప్పించుకున్నారు. తీర్పు నకలు తీసుకున్నారు. తర్వాత ఆమెతో, "అమ్మా, సంగారెడ్డి పోదాం. నేనొస్త" అన్నారు.

"ఎందుకు సేటూ? నువ్వొచ్చి ఏం చేసినవో చూసినం గదా."

"గందుకే వస్తనంటున్న."

"అంతగనం ఉంటె నీ ఇంట్ల వంటకు పెట్టుకో."

"పెట్టుకుంట" అన్నారాయన వెంటనే.

ఆమెకు కోపం వచ్చింది. "నీ ఇంట్ల వంటకు నేను ఫిర్యాదు ఇయ్యలే. నా కొలువు నాకు కావాలె" అంది. మర్నాడు ఇద్దరూ సంగారెడ్డి బస్సెక్కారు. ఆమె ముందు సీట్లో, ఈయన వెనక.

ఆ ఆఫీసుకు వాళ్లు ఎన్నిసార్లు వెళ్లారో నేను లెక్కపెట్టలేదు. వెళ్లిన ప్రతిసారీ సాయంత్రం ఈయన కోర్టు దాకా వచ్చి, ఏం జరిగిందో చెప్పి వెళ్లేవారు. సాబ్ టూర్‌లో ఉన్నాడు. ఫైలు హైదరాబాద్ పోయింది. సాబ్ మారిండు. ఇంకోసారి రమ్మన్నరు. సంఘంలో మిగిలిన డాక్టరు, రిటైరైన ఒక టీచరు కూడా కొన్నిసార్లు తోడు వెళ్లారు. లెక్చరర్ వెళ్లలేదు. కానీ వాళ్లు పట్టుకెళ్లే అర్జీలు ఆయనే రాసిచ్చేవాడని, తన పేరు చెప్పొద్దన్నాడని చాలా కాలం తర్వాత నాకు తెలిసింది.

చివరికి కొత్తగా వచ్చిన ఒక అధికారి కూర్చోబెట్టి అంతా విన్నాడు. కేసు పోయింది కదా, ఈమె చెప్పింది నిజమని ఎలా నమ్మాలని అడిగాడు.

"కేసు పోయింది నా మాటతోని సార్, ఆమె మాటతోని కాదు" అన్నారట వ్యాపారి. "నేను చూడనిది చూసిన అనలే. ఆమె చూసింది చెప్పింది. ఇద్దరం ఒక్క పనే చేసినం. నాకేం కాలే, ఆమె కొలువు పోయింది."

అధికారి తీర్పు నకలు అడిగి తీసుకుని చదివాడు. అందులో ఈయన సాక్ష్యం గురించి ఉన్న భాగం రెండుసార్లు చదివాడట. తనకు వచ్చే చెడ్డపేరును పట్టించుకోకుండా అలా చెప్పిన మనిషి, ఇప్పుడు ఈమె కోసం ఇంత దూరం వచ్చి అబద్ధం చెప్పడని ఆయనకు అనిపించి ఉంటుంది. కొన్ని నెలల్లో ఉత్తర్వు వచ్చింది. ఆమెను తిరిగి తీసుకుని, జగదేవ్‌పూర్ హాస్టల్లో వంటకు వేశారు. మధ్యలో పోయిన ఏళ్లకు జీతం లేదన్నారు.

ఈ ఒక్క పని జరిగింది. పౌర సంఘం పెట్టినప్పుడు అనుకున్నది ఇది కాదు. ఊళ్లో చట్టం సరిగా నడవాలని, పంచులు మారాలని, దొంగలకు శిక్ష పడాలని అనుకున్నాం. అవేవీ జరగలేదు. వార్డెన్ వేరే చోట వార్డెన్‌గానే రిటైరయ్యాడు. ఒక మనిషికి అన్యాయంగా పోయిన ఉద్యోగం, ఇద్దరు ముగ్గురు మనుషులు బస్సులెక్కి దిగి అరిగిపోయాక తిరిగి వచ్చింది. దీన్ని గెలుపు అనమని నేను మీకు చెప్పను. ఓటమి అనడానికి కూడా మనసొప్పదు.

ఆమె జగదేవ్‌పూర్ వెళ్లే రోజు బస్టాండులో నేను కూడా ఉన్నాను. ఆదివారం, ఏ పనీ లేక వెళ్లాను. ఆమె సామాను ఒక రేకు పెట్టె, ఒక సంచి. పక్కన కూతురు నిలబడి ఉంది. కేసు మొదలైనప్పుడు బడికి వెళ్లే పిల్ల, ఇప్పుడు ఎదిగింది. వేళ్ల కొసలు పసుపు రంగులోకి తిరిగి ఉన్నాయి. కేసు పోయిన ఏడాదే బడి మానేసి బీడీలు చుట్టడానికి వెళ్లిందట.

వ్యాపారి పెట్టె ఎత్తి బస్సు పైకి అందించారు. దిగి వచ్చి ఆమె కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆమే మొదలుపెట్టింది.

"సేటూ, ఒక్కటి అడుగుత. గా దినం నువ్వు లోపల చూసిన అని అంటె, నా కొలువు గప్పుడే వచ్చేదా?"

ఆయన నా వైపు చూశారు. అబద్ధమాడే అవకాశం ఆయనకు అక్కడ కూడా ఉంది. ఏమో అనొచ్చు, వచ్చేది కాదేమో అనొచ్చు.

"వచ్చేదమ్మా" అన్నారు.

"గప్పుడొస్తె నా బిడ్డ బడి బందయ్యేది కాదు."

"కాదు."

"నిన్ను తిట్టుడు కాదు సేటూ. తెలుసుకొని పోదామని అడిగిన."

కండక్టర్ విజిల్ ఊదాడు. ఆమె పక్క సీట్లోని కూతురిని జరగమని, మధ్యలో సంచి పెట్టుకుంది. బస్సు కదిలి రోడ్డెక్కేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. తర్వాత ఇద్దరం బజారు వైపు నడిచాం. దుకాణం మెట్లెక్కబోతూ ఆగి, "పోరి పేరు ఏందో అడగనే లేదు సార్" అన్నారాయన.

ఆ తర్వాత ఆయన జగదేవ్‌పూర్ వెళ్లారో లేదో, ఆ పేరు కనుక్కున్నారో లేదో నాకు తెలియదు.